మూడు బస్సులు, ఒక కండువా

పానకాలుకి ఒక జబ్బుండేది. దేవుడు చెప్పందే కాలు కదపడు. దేవుడేమో చెప్పడు.

పేట దాటి కాలవకట్ట దిగితే ఓబులయ్య స్వామి ఆశ్రమం. ఆశ్రమమంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు రేకుల గదులు, ఒక వేపచెట్టు, చెట్టుకింద నులకమంచం మీద స్వామి, స్వామి ఒళ్లో వేయించిన వేరుశెనక్కాయలు. అంతే. పానకాలు పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా పని మానేసి వచ్చి ఆయన దగ్గర చేరాడు. వంట చేస్తాడు, పిల్లలకు పద్యాలు నేర్పుతాడు, ఎవరికి జ్వరమొచ్చినా పక్కన కూర్చుంటాడు. పనిమంతుడే, కాదనడానికి లేదు. అందుకే స్వామి ఒకరోజు, "ఇక్కడ నీ పని అయిపోయిందిరా నాయనా. అక్కరున్న చోటికి పో," అన్నాడు.

అక్కర మూడు చోట్ల ఉంది. చీరాలలో ఒక భక్తుడు భజన మందిరం కట్టించి, దాన్ని చూసుకునే మనిషి కోసం వెతుకుతున్నాడు. మాచర్లలో గోశాల ఉంది. గిద్దలూరు అవతల అనాథ పిల్లల హాస్టలు ఉంది. మూడు చోట్ల నుంచీ ముగ్గురు వచ్చి, పానకాలుని పంపమని స్వామిని అడిగి వెళ్లారు. ముగ్గురికీ పానకాలే అడ్డొచ్చి ఒకటే జవాబిచ్చాడు.

"దేవుణ్ణి అడిగి చెబుతానండీ."

అడగడం మొదలెట్టాడు. పటం మీద మూడు పూలు పెట్టి, ఏ పువ్వు జారితే ఆ ఊరని చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఎవరో ఫ్యాను వేశారు. మూడూ ఒకేసారి జారాయి.

కలలోనైనా చెప్పు తండ్రీ అని ఉపవాసం ఉండి పడుకున్నాడు. కలలోకి దేవుడు రాలేదు గానీ పెసరట్టు వచ్చింది. ఉపవాసం ఉన్నవాడికి పెసరట్టు రాక ఇంకేమొస్తుంది! మన పానకాలు అలా వదిలేస్తాడా? పెసరట్టు ఏ ఊళ్లో బాగుంటుందని వచ్చిన భక్తులందరినీ పట్టుకుని అడిగాడు. వాళ్లు ఒక పూటంతా వాదించుకుని, ఆకలేసి ఇళ్లకు పోయారు.

చివరికి స్వామి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"భయమేస్తోంది స్వామీ. దేవుడు నన్ను పంపాలనుకున్నది ఒక్కచోటికే కదా. నేను తప్పుచోటికి పోతే? తీరా అక్కడ ఆయన లేకపోతే?"

మనం నవ్వుకుంటున్నాం గానీ, ఆ భయం నిజం.

స్వామి ఒక కాయ ఒలిచి, పప్పు పానకాలు చేతిలో పెట్టాడు. తొక్క తన ఒళ్లో వేసుకున్నాడు.

దీని అంతరార్థమేమిటని పానకాలు సాయంత్రం దాకా తల బద్దలు కొట్టుకున్నాడు. అంతరార్థమూ లేదు, పాడూ లేదు. వేరుశెనక్కాయ.

వానలు వెళ్లిపోయాయి. ధనుర్మాసం చలి వచ్చింది. ముక్కోటి ముందురోజు పొద్దున్నే ఆశ్రమానికి వరసగా మూడు ఫోన్లొచ్చాయి. ఈరోజు రాకపోతే వేరే మనిషిని చూసుకుంటామన్నారు చీరాలవాళ్లు. మాచర్లవాళ్లూ అదే మాట. గిద్దలూరాయన మాత్రం కోప్పడలేదు. "వంట చేసే ముసలివాళ్లు రేపు వెళ్లిపోతున్నారు సార్. మనిషి లేకపోతే పిల్లల్ని తలా ఒక చోటికి పంపెయ్యాలి. కొత్త సారు వస్తాడని వాళ్లు రోజూ గేటు పట్టుకుని నిలబడుతున్నారు," అని పెట్టేశాడు.

పానకాలు ఫోను పట్టుకుని వేపచెట్టు దగ్గరికి పరిగెత్తాడు.

"స్వామీ, మనసు గిద్దలూరు గిద్దలూరు అంటోంది. కానీ అది దేవుడంటున్నాడా, నా మనసే అంటోందా? ఒకేరోజు మూడు ఫోన్లు చేయించాడంటే ఆయన భావమేమిటి?"

"సంచి సర్దుకో," అన్నాడు స్వామి.

పానకాలు మొహం వెలిగిపోయింది. "ఎక్కడికి స్వామీ?"

"బస్టాండుకి."

స్వామి ఒళ్లో తొక్కలు దులుపుకుని, కాషాయం కండువా భుజాన వేసుకుని తనే ముందు నడిచాడు. ఒంటి మీద ఆ కండువా, కింద ఒక పంచె. ఆయనకున్న బట్టలన్నీ అవే.

బస్టాండు చూస్తే తిరునాళ్లని తలదన్నేలా ఉంది. ముక్కోటికి ఊళ్లకు పోయేవాళ్లంతా అక్కడే ఉన్నారు. స్వామి ఒక సిమెంటు బల్ల మీద చోటు చేసుకుని కూర్చున్నాడు. పక్కనే టీ బంకు.

మా వైపు బస్టాండుల్లో ఒక ధర్మం ఉంది. బస్సు ఆగకముందే కిటికీలోంచి ఎవడు తువ్వాలు వేస్తే ఆ సీటు వాడిది. తువ్వాలు లేకపోతే చేతిరుమాలు, అదీ లేకపోతే సంచి. కొందరు చంటిపిల్లల్ని కూడా వేస్తారు. ఈ ధర్మాన్ని కాదన్న మగాణ్ణి నేనింతవరకు చూళ్లేదు.

మాచర్ల బస్సు వచ్చింది. పానకాలు లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. పరిగెత్తి తన తువ్వాలు కిటికీలోంచి విసిరి వచ్చాడు.

"ఎక్కడానికి కాదు స్వామీ. ఎందుకైనా మంచిదని."

అవతలి వైపు చీరాల బస్సు వచ్చింది. మందిరం గుర్తొచ్చింది. జనాన్ని తోసుకుంటూ పోయి సంచి వేసి వచ్చాడు.

ఇంతలో మూడో బస్సు దుమ్ము లేపుకుంటూ దూరింది. ఇంకా బోర్డు పెట్టలేదు. అది ఏ ఊరిదో ఎవరికీ తెలీదు, అయినా జనమంతా దానిమీద పడ్డారు. అందరూ వేస్తుంటే పానకాలు చేతులు ఊరుకుంటాయా? కానీ వెయ్యడానికి ఏముంది? చుట్టూ చూశాడు.

"స్వామీ, ఒక్క నిమిషం," అంటూ గురువుగారి భుజం మీది కండువా లాక్కుని పరిగెత్తాడు. ఎత్తుగా ఉన్న ఒక కిటికీలోకి దాన్ని విసిరేశాడు. సగం లోపల పడింది, సగం బయట వేలాడింది.

గురువుగారి కండువా అండీ! చెంపదెబ్బలు పడాల్సిన పని. స్వామి మాత్రం చేతులు గుండెలకు చుట్టుకుని, తనకేం పట్టనట్టు జనాన్ని చూస్తున్నాడు.

పానకాలు బస్టాండు నడిమధ్యలో నిలబడి కళ్లు మూసుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు.

"తండ్రీ, మూడు సీట్లు ఆపాను. ఇక నీ ఇష్టం. ఏ బస్సు ముందు కదిలితే అదే నీ ఆజ్ఞ."

బుర్రుమని చప్పుడైంది. ఒక కన్ను తెరిచాడు. మాచర్ల బస్సు కదులుతోంది, కానీ వెనక్కి. రివర్సు పోవడం కదలిక కిందకొస్తుందా, రాదా? వస్తే అది ఆజ్ఞ, రాకపోతే డ్రైవరు సౌకర్యం. ఈ ధర్మసందేహం తేల్చుకోవడానికి మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఆయమ్మ ఎవరో, "దారికడ్డంగా ఈ జపమేంటయ్యా!" అని మోచేత్తో పొడిచి పోయింది. వీడు కదల్లేదు.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా దుమ్ము ఉంది. బస్సులు లేవు. మూడూ వెళ్లిపోయాయి.

పానకాలు కాళ్లీడ్చుకుంటూ బల్ల దగ్గరికొచ్చాడు. తువ్వాలు లేదు. సంచి లేదు. ఎదురుగా గురువు, ముసలి ఒళ్లు, పైన గుడ్డ లేదు. టీ బంకువాడు జాలిపడి ఆయన భుజాల మీద గోనెపట్టా కప్పాడు. అది చూసి పానకాలుకి ఏడుపాగలేదు.

"చూశారా స్వామీ? దేవుడు నాకేమీ చెప్పలేదు. మూడింట్లో ఒక్కదాన్ని కూడా నాకుంచలేదు. ఆయన దేన్లో ఉన్నాడో నాకెలా తెలుస్తుంది?"

స్వామి టీ గ్లాసు కింద పెట్టాడు.

"దేవుడు మూడు బస్సుల్లోనూ ఉన్నాడురా. లేనిది నువ్వే."

పానకాలు ముక్కు చీదుకున్నాడు.

"సరేలే, అదలా ఉంచు. అదుగో నా కండువా," అన్నాడు స్వామి, చెయ్యి చాపి.

బస్టాండు గేటు బయట, రోడ్డు మలుపులో, ఒక బస్సు కిటికీలోంచి కాషాయం చెంగు రెపరెపలాడుతూ పోతోంది.

"పట్టుకో పో."

"అది ఏ ఊరి బస్సు స్వామీ?"

"నా కండువా కనపడుతోందా, లేదా?"

"కనపడుతోంది."

"ఇంకేం కావాలి? పో!"

పానకాలు పరిగెత్తాడు. మిల్లులో కూర్చుని లెక్కలు రాసిన ఒళ్లు, ఎప్పుడైనా పరిగెత్తితే కదా! అరటిపళ్ల బండిని తప్పించుకుని, ఆవుని తప్పించుకుని, పూలమ్మే ఆమె తట్టని తప్పించుకోలేక తిట్లు తిని పరిగెత్తాడు. ఒక చెప్పు తెగింది. రెండోది తనే విదిలించేశాడు. శకునం చూసుకోలేదు, పిల్లి ఎదురొచ్చిందేమో కూడా గమనించలేదు. కాషాయం ముక్క ఒక్కటే చూపులో ఉంది. మలుపు తిరిగితే మాయమైంది, ఇంకో మలుపులో మళ్లీ కనిపించింది. గురువుగారి కండువా పోగొట్టిన పాపం నెత్తిన పెట్టుకుని ఏ మొహంతో తిరిగిపోతానన్నదొకటే అతని బాధ.

ఊరి చివర రైలు గేటు పడింది. గూడ్సు బండి వస్తోంది. దాని పుణ్యాన బస్సు ఆగింది.

పానకాలు రొప్పుతూ వెనక తలుపు పట్టుకున్నాడు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లు, "ఎక్కడెక్కుతావయ్యా, కాలు పెట్టే చోటు లేదు," అని అరిచారు. నిజమే. లోపల చీమ దూరే సందు లేదు. మనిషి మీద మనిషి నిలబడి ఉన్నారు.

"నా గురువుగారి కండువా బాబూ, లోపలుంది," అని బతిమాలుతూ, తోసుకుంటూ, తిట్లు తింటూ మధ్యదాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు.

అంత జనంలో ఒక్క సీటు ఖాళీగా ఉంది. దాని మీద కాషాయం కండువా సగం పరిచి ఉంది, మిగతా సగం కిటికీ బయట వేలాడుతోంది.

పక్క సీట్లో ముసలమ్మ ఒకావిడ మోచెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది. పానకాలుని ఎగాదిగా చూసింది.

"నీదేనా గుడ్డ?"

"మా స్వామిది తల్లీ."

"ఎవుడిదైతే ఏం, కూచోవయ్యా తొందరగా! సాములోరి గుడ్డ, దీనిమీద కూచుంటే కళ్లు పోతాయని చెప్పి ఎంతమందిని ఆపానో నీకేం తెలుసు? నా నోరు పడిపోయింది. సీటేసి ఏ రాజకార్యాలకు పోయావు?"

పానకాలు కండువా తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు. తను బస్టాండు నడిమధ్యలో కళ్లు మూసుకున్నప్పుడూ, రివర్సు సంగతి ఆలోచించినప్పుడూ, చెప్పు తెగి కుంటినప్పుడూ ఈ చోటు ఖాళీగానే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కండువాతో తుడుచుకోబోయి, గురువుగారిదని గుర్తొచ్చి, మోచేత్తో తుడుచుకున్నాడు.

కూర్చున్నాడు.

గూడ్సు వెళ్లిపోయింది. గేటు లేచింది. బస్సు ఒక్క కుదుపుతో కదిలింది. కండక్టరు జనం మీదుగా చెయ్యి చాపాడు.

"సామీ, ఎక్కడికి?"

పానకాలు జేబులో చెయ్యి పెట్టి ఆగాడు. ముందుకి చూశాడు. అద్దం దగ్గరున్న బోర్డుకి ఇటువైపు ఏమీ రాసి లేదు.

"ఇది ఎక్కడికి పోతుంది బాబూ?"

బస్సు బస్సంతా గొల్లుమంది. ముసలమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇంతసేపూ ఈ మహానుభావుడి కోసమా నేను కాపలా కాసింది!"

కండక్టరు నవ్వాపుకుని, "గిద్దలూరు," అన్నాడు. "మరి మీరెక్కడికి పోవాలి?"

పానకాలు కండువా మడిచి భుజాన వేసుకున్నాడు.

"అక్కడికే," అన్నాడు.