తొమ్మిది చిలకలు, రెండు తూకాలు

అనగనగా, సముద్రాలింకా ఉప్పెక్కని రోజుల్లో, మణిశైలాన్ని ఏలే రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తిలో మేటి, రెండోవాడు విల్లులో మేటి. చిన్నవాడు సుకేతుడికి లెక్కలంటే హడల్. పాఠం వేళకి ఏనుగుల సాలలో దాక్కునేవాడు.

ఒకరోజు గురువమ్మ అక్కమాంబ అక్కడికే వచ్చింది. తిట్టలేదు, కొట్టలేదు.

"నాయనా, ముట్టుకోకుండా ఈ ఏనుగు ఎత్తు చెప్పగలవా?"

"ఎలాగమ్మా?"

ఆమె నేలలో కర్ర గుచ్చింది. "కర్ర నీడ సరిగ్గా కర్రంత అయ్యేదాకా ఆగు. అప్పుడు ఏనుగు నీడ కొలువు. అదే దాని ఎత్తు."

కొలిచాడు సుకేతుడు. ఆనందం పట్టలేక కోటగోడలు, కొబ్బరిచెట్లు, అన్నీ కొలిచేశాడు. ఆనాటినుంచి ఆమె కొంగు వదల్లేదు.

ఇలా ఉండగా ధూమకేశుడనే మాంత్రికుడు అక్కమాంబను ఏడు సముద్రాల అవతలున్న తన కోటకి ఎత్తుకుపోయాడు. "చుక్కల లెక్క కట్టి, నాకు చావులేని ముహూర్తం చెప్పు" అన్నాడు. "నా విద్య నీకు అమ్మను" అందామె. వాడు మండిపడి మంత్రంతో ఆమె గొంతు కట్టేసి, ఇనుప బోనులో పెట్టాడు.

పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు. అప్పుడు సుకేతుడు బయల్దేరాడు. ఒడ్డున బోర్లాపడ్డ తాబేలును నిలబెడితే, "ఎక్కు బాబూ" అని అది ఏడు సముద్రాలూ దాటించింది.

మాంత్రికుడి కోటలో చెరపడ్డ రాకుమారి హేమరేఖ ఎదురొచ్చింది. "వాడు నిద్రపోతున్నాడు. వాడి ప్రాణం ఈ తొమ్మిది చిలకల్లో ఒకదానిలో ఉంది. ఆ ఒక్కటే మిగతావాటికన్నా రవ్వంత బరువు. ఇదిగో త్రాసు. మూడోసారి తూచావో, గంట మోగి వాడు లేస్తాడు. తప్పు చిలకను పట్టుకుంటే రాయైపోతావు. మీ అన్నలు అలాగే అయ్యారు!"

సుకేతుడు బోనులోని గురువమ్మను చూశాడు. ఆమె కళ్లు భయం లేకుండా వాడినే చూస్తున్నాయి. వాడి గుండె కుదుటపడింది.

మూడు చిలకల్ని ఇటు, మూడింటిని అటు పెట్టాడు. త్రాసు కదల్లేదు. అయితే మిగిలిన మూడింట్లోనే ఉంది! వాటిలో ఒకటి ఇటు, ఒకటి అటు పెట్టాడు. త్రాసు మళ్లీ కదల్లేదు.

"అయ్యో, తేలలేదే!" అంది హేమరేఖ.

"తేలింది" అని సుకేతుడు త్రాసెక్కని చిలకను పట్టి మెడ విరిచాడు. ధూమకేశుడు కెవ్వుమని కూలాడు. రాళ్లైన అన్నలు లేచారు. బోను ఊడిపడింది. అక్కమాంబకి గొంతు వచ్చింది.

"ఈ లెక్క నేను నీకు చెప్పలేదు కదరా!"

"లేదమ్మా. నేనే కట్టాను."

ఆమె వాణ్ణి దగ్గరికి తీసుకుని, "వీడు నా శిష్యుడు! నా శిష్యుడు!" అని ఆ కోటంతా దద్దరిల్లేలా అరిచింది.

సుకేతుడు హేమరేఖను పెళ్లాడాడు. అన్నలే ముందుకొచ్చి తమ్ముడికి పట్టం కట్టారు. వాడు గెలిచిన యుద్ధాలెన్నో, కట్టించిన కోటలెన్నో. కానీ పొరుగు రాజులు ఎవరైనా "తమరెవరు?" అని అడిగితే, రాజునని చెప్పేవాడు కాదట. మీసం దువ్వి, "అక్కమాంబగారి శిష్యుణ్ణి" అనేవాడట.