మహారాజుగారి వందో పుట్టినరోజు ఒద్దిక

కొండ నెత్తిన కోట, కోట కాళ్ళ దగ్గర ఊరు ఉన్న ఒకానొక రాజ్యాన్ని చిత్రభానుడనే రాజు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే ఆర్భాటం పాలు కాస్త ఎక్కువ. ఏ పండుగైనా సరే, ముందుగా అచ్చం పండుగలాగే ఒకసారి జరిపించి చూసుకోవాలి. దానికి ఒద్దిక అని పేరు. ఒద్దికలో కిరీటం పక్కకి ఒరిగినా, బాకా ఊదేవాడికి తుమ్మొచ్చినా మళ్ళీ మొదటినుంచీ చేయించేవాడు. ఆయన పెళ్ళికి కూడా ఒద్దిక జరిగిందనీ, ఏది అసలు పెళ్ళో తేల్చుకోలేక మహారాణి ఇప్పటికీ రెండు పెళ్ళిరోజులు జరుపుకుంటుందనీ కోటలో చాటుగా చెప్పుకునేవారు.

ఆ కొలువులో తిప్పన అనే కుర్ర విదూషకుడు ఉండేవాడు. తల్లీతండ్రీ లేని తిప్పనని పెంచింది మాచవ్వ. ఒకప్పుడు కోటకంతటికీ పూలదండలు కట్టిన చేతులు ఆవిడవి. ఇప్పుడు ఆ చేతుల్లో అన్నం ముద్ద నిలవదు. కోటమెట్లకి ఎదురుగా ఉన్న పెద్దలసత్రంలో ఉంటోంది. రాజుగారి తాతగారు కట్టించిన సత్రం అది. ఓపిక ఉడిగినవాళ్ళకి అక్కడ రాజుగారి గాదెల్లోంచి బియ్యం వచ్చేవి. నీళ్ళు పోసి, అన్నం తినిపించి, చెయ్యిపట్టి నడిపించే పరిచారికలకి ఖజానాలోంచి జీతం వచ్చేది.

ఒకరోజు తిప్పన వెళ్ళేసరికి పరిచారికలు కళ్ళొత్తుకుంటూ మూటలు కట్టుకుంటున్నారు.

"ఏంటవ్వా, వీళ్ళంతా తీర్థానికి బయల్దేరారా?"

"తీర్థం కాదురా. మీ దండపాణి మంత్రి చేసిన సంస్కరణ," అంది మాచవ్వ. "సాయం కావలసినవాళ్ళు కోటమెట్లెక్కి కొలువుకొచ్చి, మాకు నడక చేతకావడం లేదని చెప్పుకోవాలట. మన కూర్మయ్య తాత పాక్కుంటూ, దేక్కుంటూ ఎక్కాడు పాపం. 'ఇన్ని మెట్లెక్కినవాడికి సాయమెందుకయ్యా' అని పంపించేశారు."

"మరి ఎక్కలేనివాళ్ళు?"

"రాలేదంటే అక్కర్లేదన్నమాటేనట. గాదె తలుపు మూసేశారు, వీళ్ళ జీతాలూ ఆపేశారు. ఈ నెల దాటితే పొయ్యి వెలగదు."

తిప్పన మొహం చూసి అవ్వ మాట మార్చింది. "నువ్వేం బెంగపడకురా. నాకసలు ఈమధ్య ఆకలే వెయ్యట్లేదు."

అబద్ధమాడేటప్పుడు అవ్వ చీరచెంగు నలుపుతుంది. ఇప్పుడూ నలుపుతోంది. తిప్పనకి ఆరోజు ఒక్క చమత్కారమూ తట్టలేదు. మెట్లెక్కుతూ ఆలోచించాడు. సగం దూరంలో ఆయాసం వచ్చింది. పైదాకా వచ్చేసరికి ఉపాయం వచ్చింది.

కొలువులో మంత్రి దండపాణి గొంతు సవరించుకుని చెబుతున్నాడు. "ప్రభూ, మన సంస్కరణ అద్భుతంగా ఫలించింది! రాజ్యమంతా గాలించినా సాయానికి అర్హులు ఒక్కరంటే ఒక్కరు తేలలేదు."

రాజు మీసం దువ్వాడు. "అంటే నా రాజ్యంలో ముసలితనమే లేదన్నమాట!"

"లేకేం ప్రభూ, తమ కోసం ఒక్కటి అట్టేపెట్టాం," అన్నాడు తిప్పన. "తమకి నూరేళ్ళూ నిండుగా ఉన్నాయని జ్యోతిష్కులు చెప్పారు కదా! మరి వందో పుట్టినరోజు ఎంత పెద్ద పండుగ! దానికి ఒద్దిక ఇంతవరకూ జరగనే లేదు."

రాజు సింహాసనం మీద ఎగిరిపడ్డాడు. "నిజమే! ఎవరికీ తోచలేదేం?"

"దానికింకా అరవై ఏళ్ళుంది ప్రభూ," అని గొణిగాడు మంత్రి.

"ఉంటే? పెద్ద పండుగకి పెద్ద ఒద్దిక! రేపే కానివ్వండి!"

"అయితే తమరు అచ్చం వందేళ్ళవారిలాగే ఉండాలి," అన్నాడు తిప్పన. "రాజ్యంలో ఉన్న చట్టాలన్నీ ఉన్నట్టే నడవాలి. మధ్యలో ఆగకూడదు."

"ఆ నియమం పెట్టిందే నేను. నాకు చెబుతావేంట్రా!"

మర్నాడు పొద్దున్నే కోటమెట్ల కింద జనం కిక్కిరిశారు. తిప్పన రాజుగారి కాళ్ళకి ఇసుకమూటలు కట్టాడు. చెవుల్లో దూది కుక్కాడు. కళ్ళకి పలచటి గుడ్డ చుట్టాడు. వేళ్ళకి పేలికలు బిగించాడు.

"భలే ఉందిరా!" అని రాజు చిన్నపిల్లాడిలా ముచ్చటపడ్డాడు. "లోకమంతా మసకమసకగా ఉంది! ఏదీ, పల్లకీ రమ్మను."

"పల్లకీ రాదు ప్రభూ! కావలసినవాళ్ళు పైకెక్కి వచ్చి అడగాలి!"

"ఏంటీ? గట్టిగా చెప్పు!"

తిప్పన చెవి దగ్గర నోరుపెట్టి మళ్ళీ అరిచాడు.

"పైకెక్కగలిగితే ఇంక పల్లకీ ఎందుకురా?" అని రాజు అంతకన్నా గట్టిగా అరిచాడు. "ఎవడా చట్టం చేసిన మహానుభావుడు?"

జనంలో పైపంచెలు నోళ్ళకి అడ్డం వెళ్ళాయి.

"అరవై ఏళ్ళనాటి పాత చట్టం ప్రభూ! ఆనాటి రాజుగారు చేశారట!"

"ఆయన్ని నా ముందు నిలబెట్టండి!"

"అద్దం తెప్పించమంటారా?" అన్నాడు తిప్పన మెల్లగా. దూది పుణ్యమా అని రాజుకి వినపడలేదు.

చేసేదిలేక రాజు ఎక్కాడు. కాస్సేపు నడిచి, కాస్సేపు కూలబడి, చివర్న కూర్మయ్య తాతలాగే దేక్కుంటూ పైకి చేరాడు. పైన వెండిగిన్నెలో పాయసం ఘుమఘుమలాడుతోంది. పక్కనే పల్లకీ ఉంది. వాటికి అడ్డంగా మంత్రి దండపాణి, చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు.

"చెప్పండి అమాత్యవర్యా," అన్నాడు తిప్పన. "చట్టంలో ఏముందో అదే చెప్పండి. తప్పితే ప్రభువులు మళ్ళీ కిందనుంచీ ఎక్కాలి."

మంత్రి కళ్ళు మూసుకున్నాడు. "ఇన్ని మెట్లు... ఎక్కి వచ్చారు కనుక... తమకి ఏ సాయమూ అక్కర్లేదు. వెళ్ళిరండి."

పాయసం లోపలికి వెళ్ళిపోయింది. పల్లకీ దాని వెనకే వెళ్ళింది.

రాజు చెవుల్లో దూది పీకి పారేశాడు. కళ్ళగుడ్డ లాగేశాడు. మొహం కందగడ్డలా ఉంది. "తిప్పనా! నిజం చెప్పు. ఎవరిదా చట్టం?"

"తమదే ప్రభూ. మంత్రిగారు రాసుకొస్తే మొన్న మొన్ననే ముద్ర వేశారు."

తిప్పన కిందనున్న సత్రం వైపు చూశాడు. తన తల పోతే పోనీ, అవ్వ పొయ్యి ఏమవుతుందో?

అంతలో కింద సత్రం అరుగు మీదనుంచి కూర్మయ్య తాత చేతులు బాకాలా పెట్టుకుని కేకవేశాడు. "ప్రభూ! మోకాళ్ళు ఎలా ఉన్నాయండీ?"

రాజు కిందకి తొంగిచూశాడు. "పోయాయయ్యా! నీవెలా ఉన్నాయి?"

"తమవి మూటలు విప్పితే వచ్చేస్తాయండీ! మావే, ఎక్కడ విప్పాలో తెలియట్లేదు!"

రాజు కాళ్ళకున్న ఇసుకమూటల వంక చూసుకున్నాడు. మీసం అదిరింది. పొట్ట కదిలింది. తర్వాత ఆయన నవ్విన నవ్వుకి గోపురం మీద పావురాలు లేచిపోయాయి.

"గాదె తెరవండి!" అన్నాడు నవ్వాపుకుంటూ. "పరిచారికల జీతాలు ఖజానాలోంచి ఎప్పటిలాగే వెళ్ళాలి. ఇకమీదట సాయం అడగడానికి వాళ్ళు ఎక్కరు, ఏం కావాలో అడగడానికి మనమే దిగాలి. మంత్రీ, మొదట నువ్వే దిగు. ఆగాగు, ఈ మూటలు కట్టుకుని దిగు!"

రాజు తిప్పన మెళ్ళో ముత్యాలహారం వేస్తూ, చెవి దగ్గర గుసగుసగా అడిగాడు. "ఒరే, అసలు పండుగనాడు మాత్రం పల్లకీ వస్తుంది కదా?"

"వస్తుంది ప్రభూ. తమరు ఇప్పుడే కదా సాయాన్ని కిందకి దిగి రమ్మన్నారు."

ఆ సాయంత్రం సత్రంలో పరిచారికలు మూటలు విప్పేశారు. పొయ్యి మీద అన్నం కుతకుత ఉడికింది. మంత్రి దండపాణి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే, కూర్మయ్య తాత ఆయన మోకాళ్ళకి ఆముదం రాస్తున్నాడు.

తిప్పన మాచవ్వకి పప్పన్నం కలిపి తినిపిస్తున్నాడు. విస్తరి ఖాళీ అయింది. మళ్ళీ వడ్డించారు. అదీ ఖాళీ అయింది.

"అదేంటవ్వా, నీకసలు ఆకలే వెయ్యట్లేదన్నావు?"

మాచవ్వ చీరచెంగు వదిలేసి నోరు తెరిచింది.

"అది ఒద్దికరా. ఇదీ అసలు ఆకలి. ఊఁ, ముద్ద కాస్త పెద్దది పెట్టు."