కాటుక పథ్యం, నక్క పెత్తనం

ఏటి అవతల చెరకు గానుగ తిరగడం మొదలైందంటే అడివిలో ఎవరి ముక్కూ వాళ్ళ మాట వినదు. పెనంలో రసం కుతకుతమంటుంటే ఆ వాసనకి పులి కూడా వేట మరిచిపోయి మీసాలు నాక్కుంటుందని చెప్పుకుంటారు. ఆ గానుగ జంతువులన్నిటికీ ఉమ్మడి. గానుగలోకి చెరకు గడలు తోసేది కోతి. పెనం దగ్గర తెడ్డు పట్టుకుని పాకం చూసేది ఎలుగుబంటి. కాడి మెడన వేసుకుని పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా గుండ్రంగా తిరిగేది కాటుక అనే గేదె.

ఆ కాటుక పథ్యంలో ఉంది.

పథ్యమంటే సోకు కాదు. కిందటేడు ఇక్కడే నక్క "ఒక్కటే కదా వదినా" అని బతిమాలి చెరకు చిగుళ్ళూ, పైన ఇంత బెల్లమూ తినిపించింది. సాయంత్రానికి కాటుక కడుపు డోలులా ఉబ్బింది. మూడు రోజులు కాళ్ళు బారజాపుకుని పడి ఉంది. ఈ ఏడు గానుగ మొదలయ్యే ముందు ఆ ఉబ్బరం మళ్ళీ తిరగబెట్టింది. వైద్యం చేసే తాబేలు తాత పసరు పోసి గట్టిగా చెప్పాడు.

"నలభై రోజులు ఎండుగడ్డి, మంచినీళ్ళు. అంతే. పచ్చిదిగానీ తియ్యనిదిగానీ నాలిక్కి తగిలిందా, ఈసారి దీన్ని నా దగ్గరికి మోసుకురాకండి. నేరుగా గొయ్యి తవ్వుకోండి."

ఇంకో సంగతి. కొట్టిన చెరకు రెండు రోజులు గానుగెక్కకపోతే పులిసిపోతుంది. పులిసిన చెరకు గట్టవతల పారెయ్యాలనీ, అది నక్కలకు చెందుతుందనీ అక్కడ కట్టుబాటు. కిందటేడు కాటుక చావుబతుకుల్లో ఉన్న మూడు రోజులూ గానుగ ఆగింది. ఆ మూడు రోజులూ నక్కల ఇంట పెళ్ళి భోజనాలే.

ఈ ఏడు పథ్యం పందొమ్మిదో రోజుకొచ్చింది. కాటుక చుట్టూ రసం, చిగుళ్ళు, వేడి బెల్లం. కాటుక మాత్రం ఎండుగడ్డి నముల్తూ తన తిరుగుడు తను తిరుగుతోంది. ఎవర్నీ తినొద్దనలేదు. ఎవరి ముందూ మూలగలేదు. తన నోరు తను కట్టుకుంది. అయినా అందరికీ దాని నోటి మీదే కన్ను. కందకు లేని దురద కత్తిపీటకెందుకో!

"ఏమే కాటుకా, ఒక్క గడ నవులు. ఎవరు చూడొచ్చారు?" అంది కోతి.

"నా కడుపు చూస్తుంది పిన్నీ."

"అబ్బో! అంత నిష్ఠగలదానివి ఏ కొండ గుహలోనో తపస్సు చేసుకోకపోయావా? గానుగ దగ్గర నీకేం పని?"

"నేను గుహలోకి పోతే నీకు చెరకు ఎవరు పిండుతారు?"

ఎలుగుబంటి తెడ్డు చివర బెల్లం పట్టుకుని వచ్చింది. "ఇంకెవరడిగినా వద్దను. నా చేతి బెల్లం కూడా వద్దంటావా? నా చెయ్యి అంత చెడ్డదా?"

"నీ చెయ్యి మంచిదే మామా. చెడ్డది నా కడుపు."

"అడివిలో అందరూ తింటున్నారు. నీ ఒక్కదానికేనా ప్రాణం?"

కాటుక కాడి సర్దుకుని మళ్ళీ అడుగేసింది. కొమ్ములు మాత్రం కొంచెం కిందికి దిగాయి. ఒకసారి వద్దంటే వినపడదు. రెండుసార్లు వద్దంటే పొగరంటారు. మూడోసారి కూడా వద్దంటే చుట్టాలందరూ కలిసి అలుగుతారు. వద్దు అన్న చిన్న మాట అర్థం కావడానికి ఈ అడివిలో ఎవరికి ఎన్ని పుర్రెలు కావాలో!

అదే రోజు పాకం కుదరలేదు. గట్టిపడాల్సిన బెల్లం జిగురుజిగురుగా సాగింది. ఎలుగుబంటి కట్టెలని తిట్టింది, చెరకుని తిట్టింది. సరిగ్గా ఆ సమయానికే నక్క గట్టెక్కి వచ్చింది.

"నేను చెబితే బాగుండదుగానీ మామా, పాకం ఎలా కుదురుతుంది? కాడి మోసినవాళ్ళు తొలి ముక్క నోట వేసుకోకుండా మిగతావాళ్ళు తినకూడదని తాతల నాటి ఆచారం. ఇన్నాళ్ళు మీరంతా తింటున్నారు, మా వదిన తినడం లేదు. మరి బెల్లానికి కోపం రాదూ?"

"అవునర్రా, అలాంటి ఆచారం ఉంది. మా అమ్మ చెప్పేది," అంది కోతి.

అంతే. అందరి మొహాలూ కాటుక వైపు తిరిగాయి. పెనం కింద మంట చాలక పాకం చెడితే, తప్పు పెనం ముట్టనిదాని మీదకొచ్చింది!

"ఒక్క ముక్క తిని పుణ్యం కట్టుకోవే," అంది కోతి.

"తింటావా, లేక మా అందరి నోట్లో మన్ను కొడతావా?" అంది ఎలుగుబంటి.

నక్క బెల్లం ముక్క ఆకులో పెట్టి కాటుక మూతి దగ్గరికి తెచ్చింది. ఆవిరి ఇంకా పైకి లేస్తోంది. "గుడ్డిగా గుండ్రంగా తిరగడమేగా నీ పని. దానికింత పథ్యం దేనికి? ఒక్కటే కదా వదినా."

కాటుక నిలబడిపోయింది. గానుగ కిర్రుమని ఆగింది.

"బావా, ఆచారమంటే నీకు ప్రాణమా?"

"ప్రాణం కన్నా ఎక్కువ వదినా!"

"నాకు ప్రాణమే ఎక్కువలే. సరే, నాలుగు మాటలకి జవాబు చెప్పు. గేదె తినాలని ఉందా ఆచారంలో, కాడి మోసినవాళ్ళు తినాలని ఉందా?"

"కాడి మోసినవాళ్ళు."

"ఆ కాడి ఎవరైనా మొయ్యొచ్చా?"

"మెడ ఉన్న ఎవరైనా."

"మోస్తే తొలి ముక్క వాళ్ళదే?"

"వాళ్ళదే! అందులో అనుమానమేముంది?" నక్క నోట్లో అప్పటికే నీళ్ళూరుతున్నాయి.

"కాడి ఎత్తుకున్నాక ఎప్పుడు దించాలి?"

"పెనం నిండాక. ఆ మాత్రం తెలీదా?"

"తెలుసు. నీ నోటితో చెప్పిద్దామని." కాటుక మెడ వంచి కాడి కింద పెట్టింది. "ఆచారం పోతోందని గుండెలు బాదుకుంటున్నది నువ్వే. గుడ్డిగా గుండ్రంగా తిరగడమే అన్నదీ నువ్వే. రా. ఒక్క పెనమే కదా బావా."

నక్క అటూ ఇటూ చూసింది. తప్పుకుందామంటే అందరూ చూస్తున్నారు. తొలి ముక్క ఆకులో మెరుస్తోంది. ఆశ మెడ పట్టుకుని ముందుకు తోసింది. ఎలుగుబంటి కాడి ఎత్తి పెట్టేసరికి నక్క నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి జారాయి. ఆపైన ఎలుగుబంటి తాళ్ళతో అల్లిన చిక్కం తెచ్చి దాని మూతికి కట్టింది. దారిలో చెరకు మీద నోరు పెట్టకుండా కాడి కట్టినవాళ్ళకి వేసేది అది.

"ఇదేమిటి మామా! కాటుకకి కట్టలేదే?"

"దాని మాట మీద మాకు నమ్మకం. నీ మాట మీద ఎవరికుంది? నడువు."

మొదటి చుట్టుకి నక్క రొప్పింది. రెండో చుట్టుకి నాలిక చిక్కంలో ఇరుక్కుంది. మూడో చుట్టు సగంలోనే ఆగింది. గానుగ కింద రసం పట్టే ముంత అడుగు కూడా తడవలేదు.

"దించండి, చచ్చిపోతున్నాను!"

"పెనం నిండలేదు," అంది ఎలుగుబంటి.

"ముంత కూడా నిండలేదు. ఒక్క చుట్టు వెయ్యి, ఎవరు చూడొచ్చారు?" అంది కోతి.

నక్కకి ఒళ్ళు మండిపోయింది. చిక్కంలోంచే అరిచింది. "మీకేమన్నా మతి ఉందా? అది పడిపోతే గానుగ ఆగుతుంది, మాకు చెరకన్నా దక్కుతుంది. నేను పడిపోతే ఎవరికి లాభం?"

గానుగ దగ్గర అందరూ నక్క వైపు తిరిగారు. పెనం కింద మంట ఆరిపోతున్నా ఎలుగుబంటి చూసుకోలేదు. నక్క నోరు మూసుకుంది, కానీ మాట బయటపడిపోయింది.

"అంటే కిందటేడు కూడా..." అంది కోతి మెల్లిగా.

"కిందటేడూ అంతే, ఈ ఏడూ అంతే," అంది కాటుక. "నక్క నన్ను చంపబోయింది చెరకు కోసం. దానికో ఆశ ఉంది, సరే. మీకేం వచ్చేది? నేను పోతే మీకు పులిసిన గడ కూడా రాదు. పందొమ్మిది రోజులుగా ఊరికే తోశారు నన్ను. నవ్వుతూ తోశారు. చుట్టరికం పేరు చెప్పి తోశారు. వద్దు అన్నాను. మీలో ఒక్కరైనా, ఒక్కసారైనా, సరేలే అన్నారా?"

కోతి చేతిలోని గడ కింద పెట్టేసింది. ఎలుగుబంటి తెడ్డుకంటిన బెల్లం మట్టిలో తుడిచేసింది.

అక్కడికక్కడే కట్టుబాటు మారింది. ఇక మీదట పులిసిన చెరకు గట్టు దాటదు, పెంట గుంటలోకి పోతుంది. దాని మీద ఏ నక్కకూ హక్కు లేదు. తొలి ముక్క తినాలనుకున్నవాళ్ళు తింటారు. నక్క అన్నిటికీ తల ఊపింది. ఊపకపోతే కాడి దిగదు.

కాటుక తన ఎండుగడ్డి దగ్గరికి పోయి, ఎవరి వైపూ చూడకుండా నమలడం మొదలుపెట్టింది. ఈసారి ఎవరూ ఏమీ పెట్టబోలేదు. ఎలుగుబంటి కడవతో మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి వెనక్కి వెళ్ళింది.

నక్క కాళ్ళీడ్చుకుంటూ గట్టెక్కింది. కాడి దించారుగానీ, దాని మూతికున్న చిక్కం విప్పడం ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినవాళ్ళు కూడా ఊరుకున్నారు.

నీతి: వద్దు అన్న మాటకు విలువివ్వని చెయ్యి బెల్లం పెట్టినా అది విషమే.