కప్ప ఆటకు గిజిగాడి అల్లిక

వాగుదిబ్బ అడవిలో జంతువులకి కంప్యూటర్ ఎలా వచ్చిందో నన్నడక్కండి. వచ్చింది, రాతిగుహలో కూర్చుంది, అంతే. వచ్చిన రోజు నుంచీ అందులో 'వాగు దాటు' అని ఓ ఆట ఉంది. కప్ప ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి గెంతుతూ అవతలి ఒడ్డుకి చేరాలి. అంతకు మించి ఏమీ లేదు. అయినా సాయంత్రమైతే చాలు, గుహ ముందు ఒకటే తోపులాట. కుందేలు అవ్వ ఆ ఆట ఆడుతూనే ముసలిదైంది.

కంప్యూటర్ మీద పెత్తనం నక్కది. ఒకసారి పట్నం నుంచి కంప్యూటర్‌ని నడిపించే కొత్త సిస్టమ్ తెచ్చి ఎక్కించింది. దాంతో 'వాగు దాటు' మంచం పట్టింది. ఆట తెరిస్తే కప్ప కనబడదు. కనబడితే, కన్ను మూసి తెరిచేలోపు వాగూ ఒడ్డూ దాటేసి తెరలోంచే మాయమవుతుంది.

"పాతదర్రా, దాని కాలం అయిపోయింది" అంది నక్క తీరిగ్గా. "బాధపడకండి, నేనో కొత్త ఆట చేశాను. ఆ రంగులు చూడండి!"

నక్క ఆట నిజంగానే ధగధగలాడింది. కాకపోతే తెరవగానే ఓ ప్రశ్న అడిగేది: మీ పిల్లలు ఎక్కడ పడుకుంటారు? జవాబు చెబితేనే ఆట మొదలు.

కోడి మెడ సాచి అడిగింది. "ఆటకీ నా పిల్లలకీ ఏం సంబంధం అన్నా?"

"ఊరికే తెలుసుకుందామని చెల్లెమ్మా. ఈ రోజుల్లో అందరూ అడిగేదే" అని నక్క పళ్లు కనబడకుండా నవ్వింది.

కోడి ఆ ప్రశ్నకి జవాబివ్వకుండానే ఆట మూసేసింది. కానీ దాని పిల్లలు ఊరుకుంటాయా? ఆట కావాలని ఒకటే గోల. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే వాటిలో ఏదో ఒకటి నోరు జారుతుందన్న బెంగతో కోడికి తిండి సయించడం మానేసింది.

ఆ అడవిలో ముగ్గురు పిచ్చివాళ్లున్నారు. పిచ్చివాళ్లని నక్క అనేది. నేనైతే వాళ్ల పేరెత్తినప్పుడల్లా కాస్త నిటారుగా కూర్చుంటాను. గిజిగాడు, ఉడత, ఎద్దు. పగలంతా గిజిగాడు గూడు అల్లేవాడు, ఉడత గింజలేరుకునేది, ఎద్దు అడవి అంచున పొలం దున్నేది. ఎవరి పని వాళ్లకి తీరాక ముగ్గురూ గుహలో చేరి, మూలపడ్డ ఆటని విప్పి చూస్తూ కూర్చునేవారు. ఎవరూ చెయ్యమనలేదు, చేస్తున్నందుకు ఎవరూ గుప్పెడు గడ్డి కూడా పెట్టలేదు.

ఉడతది తొందర. "ఆటని కోసి మళ్లీ కుట్టేద్దాం" అంది.

"ఆట మీద చెయ్యి వెయ్యొద్దు" అన్నాడు గిజిగాడు. "ఆటకీ సిస్టమ్‌కీ మధ్య ఓ అల్లిక అల్లుదాం. ఆట తనకి తెలిసిన పాత మాటే మాట్లాడుతుంది. అల్లిక దాన్ని కొత్త సిస్టమ్‌కి అర్థమయ్యేట్టు చెబుతుంది."

అలాగే అల్లారు. ఆడి చూసే పని ఎద్దుది. గిట్టతో అదే గెంతు మళ్లీ మళ్లీ గెంతించి, "ఆ గుండ్రాయి దగ్గర కప్ప ఇంకా తడబడుతోంది" అని విసుక్కోకుండా చెప్పేది. ఆ ఓపికకి దణ్ణం పెట్టాలి.

ఉడత మాత్రం మధ్యలో ఓ ఘనకార్యం చేసింది. ఆటలో మొదటి నుంచీ ఓ తప్పుంది. పెద్దబండని పక్కనుంచి గుద్దితే కప్ప బండలోంచే దూరి అవతలికి పోతుంది. ఉడత దాన్ని సరిచేసేసి మురిసిపోయింది. మర్నాడు కుందేలు అవ్వ ఆడి చూసి వెనక కాళ్లతో నేల బాదింది.

"నా కప్ప బండలోంచి పోవట్లేదేమే?"

"అది తప్పు అవ్వా. బాగుచేశాను."

"నిన్నెవరు బాగుచెయ్యమన్నారే? వయసులో ఉన్నప్పట్నుంచీ నేను ఆ బండలోంచే పోతున్నాను!"

గిజిగాడు నవ్వాపుకున్నాడు. "ఆ తప్పుని అలాగే ఉండనియ్యవే. మనం కాపాడేది వీళ్లు ఆడుకున్న ఆటని. మనకి నచ్చినట్టుండే ఆటని కాదు." ఉడత మూతి ముడుచుకుంటూ తప్పుని మళ్లీ పెట్టేసింది.

కప్ప మళ్లీ గెంతుతోందన్న కబురు నక్కకి చేరింది. అది అడవి పెద్ద ఏనుగమ్మ దగ్గరికి పరిగెత్తింది.

"అమ్మగారూ, పాత చెత్తతో కంప్యూటర్ పాడైపోతుంది. అందరి ముందూ ఆడించి చూడండి. కొత్త సిస్టమ్ మీద ఆడకపోతే చెరిపేయించండి."

ఏనుగమ్మకి అది న్యాయంగానే తోచింది. "రేపు పొద్దున తేల్చేద్దాం" అంది.

పొద్దున అందరికంటే ముందు నక్కే గుహకి చేరింది. పట్నం నుంచి అంతకంటే కొత్త సిస్టమ్ వచ్చి ఉంది. దాన్ని చడీచప్పుడు లేకుండా ఎక్కించేసి, ఏమీ ఎరగనట్టు గుమ్మంలో కూర్చుంది.

అందరూ వచ్చాక ఉడత ఆట తెరిచింది. తెర నల్లగా ఉండిపోయింది.

"నిన్న ఆడిందే! నేనే ఆడానుగా!" అంది ఎద్దు.

ఉడత తెర అంచున చూసి కీచుమంది. "సిస్టమ్ మార్చేశారు!"

"కొత్తది వస్తే ఎక్కించడం నా పని" అంది నక్క. "కొత్త సిస్టమ్ మీద ఆడాలనేగా అమ్మగారి మాట? ఇదే కొత్తది. చెరిపేద్దామా అమ్మగారూ?"

కోడి పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుంది.

గిజిగాడు ఎగిరొచ్చి ఏనుగమ్మ ముందు వాలాడు. "మీరు వాగుకెళ్లి నీళ్లు తాగి రండమ్మా. వచ్చేలోపు ఆడిస్తాం."

"ఆడకపోతే?"

"మేమే చెరిపేస్తాం."

ఏనుగమ్మ వెళ్లింది. ఆటని కోసి కుట్టి ఉంటే వాళ్ల పని మళ్లీ మొదటికొచ్చేది. అల్లిక కాబట్టి, కొత్త సిస్టమ్ వైపున్న పోగు ఒక్కటే తెగింది. గిజిగాడు ఆ పోగు వెతికి పట్టుకున్నాడు, ఉడత ముడేసింది, ఎద్దు ఆడి చూసి "ఊఁ" అంది. ఏనుగమ్మ తొండం విదిలించుకుంటూ వచ్చేసరికి కప్ప రాయి మీద సిద్ధంగా కూర్చునుంది.

ఆడటానికి కుందేలు అవ్వే ముందుకొచ్చింది. కప్ప పెద్దబండని గుద్దింది, అందులోంచి దూరింది, అవతలి ఒడ్డున దబ్బున పడింది. గుహ అదిరేలా కేకలు! ఎద్దు ఛాతీ విరుచుకుని నిలబడింది. గర్వమంటే గర్వమే, ఎందుకుండకూడదు?

"ఈ ఆట ఉంటుంది" అంది ఏనుగమ్మ. "ఏదీ నక్కా, ఇప్పుడు నీ కొత్త ఆట చూపించు."

నక్క ఠీవిగా మీట నొక్కింది. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది. తెర నల్లగానే ఉంది. నిన్నటి సిస్టమ్ కోసం హడావిడిగా చేసిన ఆట, పొద్దున తను ఎక్కించిన సిస్టమ్ మీద లేవనే లేదు.

"నువ్వు చెప్పిన న్యాయం ప్రకారం దీన్నీ చెరిపేయాలిగా?" అంది ఏనుగమ్మ.

నక్క మెల్లగా గిజిగాడి దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "తమ్ముడూ, దీనికి కూడా ఓ అల్లిక..."

"పో పో!" అంది ఉడత.

గిజిగాడు ఉడతని ఆపాడు. "పిల్లలెక్కడ పడుకుంటారన్న ప్రశ్న తీసేసి పట్రా. చూస్తాం."

"దాని ఆట మనకెందుకు నాయనా?" అంది ఎద్దు.

"ఇవాళ్టి నుంచి అదీ పాత ఆటే కదా మావా. దాన్నీ ఇష్టపడినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు."

అడవంతా చూస్తుండగా నక్క ఆ ప్రశ్నని తన చేత్తోనే చెరిపేసి, ఆటని తెచ్చి ముగ్గురి ముందు పెట్టి, తల వంచుకుని తన వంతు కోసం కూర్చుంది.

నీతి: రేపు తనదీ పాతబడుతుందని మరిచినవాడే, ఇవాళ పక్కవాడి పాతదాన్ని పారెయ్యమంటాడు.