జీడిపప్పు మిల్లులో కొత్త దీపాలు

ఈ కథ నాకు మొదట చెప్పింది కంచిలి సంతలో తక్కెడలు సరిచేసే బలివాడ అప్పన్న. తక్కెడల మనిషి కాబట్టి మాట రవ్వంత కూడా అటూ ఇటూ పోనివ్వడు. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

పలాస దగ్గర ఒక జీడిపప్పు మిల్లు. అందులో దీపాల పని తాతల నాటినుంచి దుంపల వారిది. కూర్మయ్య, పోలయ్య, దాలయ్య అన్నదమ్ములు. కూర్మయ్య పెళ్ళాం నీలమ్మ ఆ మిల్లులోనే పప్పు ఏరే ఆడవాళ్ళకి పెద్ద. నలుగురిలో ఎవరికి తెలివి ఎక్కువో ఇప్పటికీ తేలలేదు.

"మనింటి తెలివి చారెడు బయట పోస్తే ఊరు బాగుపడుద్ది" అనేవాడు కూర్మయ్య.

"వద్దన్నియ్యా, మనకి తక్కువైపోద్ది" అనేవాడు దాలయ్య.

మిల్లులో పాత దీపాలు కొలిమిలా కాగేవి. కరెంటుని కుడితి తాగినట్టు తాగేవి. షావుకారు గున్నయ్య బిల్లు చూసి గుండె పట్టుకుని విశాఖపట్నం నుంచి ఇండక్షన్ దీపాలు తెప్పించాడు. వాటి కడుపులో కాలిపోయే తీగంటూ ఉండదు. వాటితో వచ్చిన ఇంజనీరు, "వీటికి సగం కరెంటు చాలు. ఒక్కసారి బిగిస్తే ఇరవై ఏళ్ళు నిచ్చెనెక్కే పని లేదు" అన్నాడు.

షావుకారు తన మాట కూడా తగిలించాడు. "మనిషున్న చోట దీపం వెలగాలి. మనిషి లేనిచోట ఆరాలి. రేపు దీపాలవేళకి వస్తాను. మిల్లు వెలుగుతూ కనబడకపోతే పని టెక్కలి వాళ్ళకిచ్చేస్తాను."

తాత చేసిన పని, తండ్రి చేసిన పని. అది టెక్కలి వాళ్ళ చేతికి పోతే కూర్మయ్య ఏ మొహం పెట్టుకుని సంతకెళ్తాడు?

తెల్లారింది. కూర్మయ్య వెదురు నిచ్చెనెక్కి, దూలం మీద కూర్చుని మొదటి దీపం బిగించాడు.

"బిగిసిందా అన్నియ్యా?" అని కిందనుంచి పోలయ్య అడిగాడు.

"రాయిలా బిగిసింది."

అంతే. ఇంక ఇరవై ఏళ్ళు నిచ్చెనతో పని లేదు కదా. పోలయ్య దాన్ని ముక్కలు నరికి, జీడిగింజలు కాల్చే పొయ్యిలో పెట్టేశాడు.

"నిచ్చెనేదిరా?" అన్నాడు కూర్మయ్య.

"కాల్చేశాను."

"మంచి పని చేశావు. ఉత్తినే చోటు తినేది."

మిగతా దీపాలు బుట్టలో పెట్టించి తాడుతో పైకి లాక్కున్నాడు. దూలాల మీద బల్లిలా పాకి అన్నీ బిగించాడు.

ఇంక కరెంటు పని దాలయ్యది. మెయిను ఆపి చూస్తే దీపాలకి వెళ్ళే తీగలు రెండు. సగం చాలన్నారు కదా. ఒకటి కత్తిరించి, చుట్ట చుట్టి, నీలమ్మకిచ్చాడు.

"బట్టలారేసుకో వదినా."

స్విచ్చి వేశారు. వెలగలేదు. ఎలుకలు దూరతాయని షావుకారు కిటికీలు కూడా మూయించేశాడేమో, మిల్లు పగలే కాటుక చీకటి.

"ఎందుకెలగలేదురా?" అని పైనుంచి కూర్మయ్య అడిగాడు.

పోలయ్య బుర్ర గోక్కున్నాడు. "మనిషున్న చోటే ఎలగాలన్నాడు షావుకారు. దీపాల కింద మనుషులేరీ?"

"ఎంత బుద్ధిగల దీపాలు! వచ్చీ రాగానే షావుకారి మాట పట్టుకున్నాయి" అన్నాడు కూర్మయ్య.

ఇంకేముంది, పని లేక ఓ మూల కూర్చున్న పప్పు ఏరే ఆడవాళ్ళని లేపి ఒక్కో దీపం కింద ఒక్కొక్కర్ని నిలబెట్టారు. అయినా చీకటే.

"నీలమ్మక్కా, కాళ్ళు పీకేస్తున్నాయే" అంది ఒకామె.

"కదలకే. నువ్వు కదిలితే దీపం బెదురుద్ది" అంది నీలమ్మ. ఇంకాసేపు ఆలోచించి, "చీకట్లో మనం ఉన్నామని దానికెలా తెలుస్తాది? మొహం కనబడొద్దేటి?" అంది.

ఆ మాటకి కూర్మయ్య దూలం మీదే చేతులు జోడించాడు. పెళ్ళానికి కాదు, అలాంటి పిల్లనిచ్చిన మామకి.

అంతే, ఇళ్ళకి పరిగెత్తి లాంతర్లు తెచ్చారు. ప్రతి ఆడమనిషీ లాంతరు మొహం దగ్గర పెట్టుకుని పైకి చూస్తూ నిలబడింది. మిల్లంతా వెలుగు.

"ఎలిగాయి!" అని కేకేశాడు కూర్మయ్య.

దీపాలవేళకి షావుకారు, ఇంజనీరు వచ్చారు. షావుకారు ముందు మీటరు చూశాడు. అది కదలడం లేదు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"సగం మిగులుద్దన్నారు బాబూ. మేం మొత్తం మిగిల్చాం" అన్నాడు పైనుంచి కూర్మయ్య.

ఇంజనీరు లాంతర్ల వంక చూశాడు. "ముందు అవి ఆర్పండి."

ఆర్పారు. చీకటైపోయింది.

"చూశారా మరి? మొహాలు కనబడక ఆరిపోయాయి" అంది నీలమ్మ.

ఇంజనీరు టార్చి వేసుకుని తీగలు చూశాడు. నీలమ్మ పెరట్లో చీరలు తీయించి, ఆ తీగ తెప్పించి, అతికించి, స్విచ్చి వేశాడు. మిల్లు పట్టపగలైంది. మీటరు కదిలింది గానీ కుడితి తాగినట్టు కాదు, తీర్థం పుచ్చుకున్నట్టు.

ఆ సంతోషంలో షావుకారు మెత్తబడ్డాడు. "పోన్లే, పని మీదే. దీపాలార్పి ఇళ్ళకి పొండి" అని, అదే వీధిలో ఉన్న తన ఇంటికి అన్నానికి వెళ్ళాడు. ఇంజనీరు తన దారిన తను పోయాడు.

కూర్మయ్య తాడు పట్టుకుని కిందికి జారాడు. మిగతా ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. కూర్మయ్య స్విచ్చి మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

"ఒరే, నేనిక్కడున్నాను. మనిషున్న చోట ఆర్పొచ్చా?"

"తప్పు. వెలగాలన్నాడు" అన్నాడు పోలయ్య.

"పోనీ బయటికెళ్తే?"

"ఆర్పేవాడుండడు."

నలుగురూ గుమ్మంలోంచి లోపలికీ బయటికీ తిరిగారు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి చూశారు. సగం మనిషికి ఎన్ని దీపాలార్పాలో నీలమ్మకి కూడా తేలలేదు. చేతికొచ్చిన పని మళ్ళీ జారిపోయేలా ఉంది.

"బయటుండే ఆర్పాలి" అన్నాడు దాలయ్య. వీధి మొగకి పరిగెత్తి, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఉన్న ఫీజులన్నీ పీకేశాడు. మిల్లు ఆరింది. కూర్మయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఎవరైనా మళ్ళీ పెట్టేస్తారేమోనని ఫీజులు తువ్వాల్లో మూటగట్టుకుని ఇంటిదారి పట్టారు.

షావుకారింట్లో చారు గిన్నె దొర్లిన చప్పుడు. "ఎవడ్రా ఆర్పింది!" అని చీకట్లోంచి అరుపు.

"మేమే బాబూ!" అని వీధిలోంచి ఎలుగెత్తి చెప్పాడు కూర్మయ్య. మంచి పని చేసినప్పుడు పేరు దాచుకోకూడదు కదా.

పని టెక్కలి వాళ్ళకి పోయింది.

ఆ పూట ఊరు ఊరంతా చీకటైందని మందస పెద్దమనిషి ఒకాయన ఇప్పటికీ చెప్పుకు తిరుగుతున్నాడు. ఊరంతా కాదు, ఆ ఒక్క వీధే. నేను ఆయనతో మాట్లాడను. చదివినవాళ్ళెవరైనా వెళ్ళి ఆయనకి చెప్పి, మాట సరిదిద్దండి.