మూతలో ఉండిపోయిన అక్క

గవరయ్య ఇంటికి వెళ్ళొచ్చావుగా. గోడ మీది పటంలో ఏం చూశావో చెప్పు. తెల్ల అట్ట మీద సగానికి కోసిన నల్ల మూత, అంతేనా? కూర్చో. అది అక్కడికెలా ఎక్కిందో చెప్తాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గవరయ్య, పైడయ్య అన్నదమ్ములు. ఊళ్ళో బుర్రంటూ ఉంటే తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ ధీమా. వాళ్ళమ్మ నూకాలుని చూడ్డానికి పన్నెండేళ్ళ తరవాత ఆమె అక్క దాలమ్మ వచ్చింది. పదిరోజులుంది. మర్నాడు నాలుగింటి బస్సుకి వెళ్ళిపోవాలి. "మళ్ళీ చూస్తానో లేదో, అక్కతో ఒక్క ఫోటో తియ్యండిరా" అంది నూకాలు.

పక్కింటి సత్తెం ముప్పై ఏళ్ళుగా ఫోటోలు తీస్తున్నాడు. పిలిస్తే వస్తాడు. వీళ్ళు పిలవరే. "రబ్బరు బ్యాండు చుట్టిన కెమెరాతో ఏం తీస్తాడు?" అని పాడిగేదెని అమ్మేసి, పట్నంలో అన్నిటికంటే పెద్ద కెమెరా కొనుక్కొచ్చారు. కొట్టువాడు, "ఇది చేతిలో ఉంటే చాలు, ఫోటో దానంతటదే వస్తుంది. దుమ్ము పడకుండా మూత మాత్రం వేసి ఉంచండి" అన్నాడు.

ఇంకేముంది. మర్నాడు ముసలాళ్ళిద్దరినీ మంచం మీద కూర్చోబెట్టి గవరయ్య కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. పైడయ్య వీధి చివరిదాకా వెళ్ళి చూసొచ్చాడు.

"ఫోటో వస్తోందా?"

"ఇంకా బయల్దేరినట్టు లేదన్నయ్యా."

గోడ అవతలి నుంచి సత్తెం, "బటను నొక్కరా" అని కేకేశాడు. నొక్కారు. బొమ్మ అంతా నలుపే.

"ఇంట్లో వెలుతురేదిరా?" అంది దాలమ్మ. అంతే, పైడయ్య పైకెక్కి పెంకులన్నీ ఊడదీశాడు. ఎండ ముసలాళ్ళ నెత్తిన పడింది. మళ్ళీ నలుపే.

"మీరు కదిలారు" అన్నాడు గవరయ్య.

"ఈ ఎండకి కదలమా నాయనా?"

అంతే. గేదె పోయినా పలుపు ఉందిగా. ఇద్దరినీ మంచానికి కట్టేశారు. అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు. ఆ నవ్వు విని సత్తెం వచ్చాడు. గుమ్మంలో ఆగి, పాత కెమెరా ఎత్తి, ఒకే ఒక్కటి తీశాడు. తరవాత గవరయ్య చేతిలోది చూశాడు.

"మూత తియ్యకుండా నొక్కితే వీళ్ళ ముఖాలు మూతలోనే ఉండిపోయాయి కదరా" అన్నాడు విసుగ్గా.

అన్నదమ్ములకి ప్రాణం లేచొచ్చింది. ముఖాలు ఎక్కడికీ పోలేదన్నమాట. బస్సు హారన్ వినబడింది. రంపం తెచ్చి మూతని సగానికి కోశారు. నూకాలు వైపు ముక్క దాలమ్మ చేతిలో పెట్టి బస్సెక్కించారు. దాలమ్మ వైపు ముక్క ఇంట్లో ఉంచుకున్నారు.

మూడోరోజు సత్తెం తను తీసిన ఫోటోని పెద్దది చేయించి తెచ్చిచ్చాడు. గవరయ్య దాన్ని వేళ్ళతో నొక్కి చూశాడు. "కెమెరా చిన్నదైనా అట్ట గట్టిది మావా" అని, దాన్ని బోర్లించి, వీపున మూత ముక్క అంటించి పటం కట్టాడు.

నూకాలు రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడుతుంది. "అక్క కనబడటం లేదురా."

"కెమెరాకేం లోటు లేదమ్మా, నీ చూపే మందగించింది" అంటాడు గవరయ్య. పట్నంలో అన్నిటికంటే పెద్ద కళ్ళజోడు కొనుక్కురావడానికి పైడయ్య నిన్ననే బయల్దేరాడు.

నువ్వూ ఆ గోడ కిందే గంటసేపు కూర్చున్నావు. ఆ పటం ఒక్కసారి తిప్పి చూశావా?