మైనం పోయని పికప్

గిటారుకి ఏ పికప్ మంచిదని ఎవరైనా అడిగితే ఆశీర్వాదం మాస్టారు జవాబు చెప్పరు. గిటారుని బల్ల మీద పడుకోబెట్టి స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కుంటారు. ఏది బిగించారో చెప్పకుండా వాయించమంటారు. పేరు ముందే తెలిస్తే చెవి ఆ పేరునే వింటుందని ఆయన నమ్మకం. విశాఖపట్నం రైల్వే న్యూకాలనీలో, మేడ మీద ఒక గది, దాని ముందు సన్నటి వరండా. పాఠం చెప్పేది అక్కడే, రిపేర్లు చేసేదీ అక్కడే.

మా అమ్మాయి కెజియా చిన్నప్పటి నుంచి ఆయన దగ్గరే నేర్చుకుంది. మొన్న వేసవిలో అది ఎక్కిన ఆటో తిరగబడింది. అది బతికింది. అంతకంటే నేను చెప్పలేను. ఎడమచేతి ఉంగరపు వేలు మాత్రం ఇప్పుడు పూర్తిగా వంగదు. మిగతా వేళ్ళు తీగ మీదికి చేరాక, అది కొంచెం ఆలస్యంగా ఈడ్చుకుంటూ వస్తుంది. ఆ ఆటోలోనే ఉన్న గిటారుకి పైన గీతలు పడ్డాయి, లోపల పికప్ పాడైంది.

పికప్ అంటే తీగల కింద ఉండే అయస్కాంతం, దానికి చుట్టిన సన్నటి రాగి తీగ. పైన గిటారు తీగ కదిలితే ఆ కదలికను విని స్పీకరుకి చెప్పేది అదే. కెజియా గిటారుకి వేసేది హంబకర్ అనే రకం. అందులో రెండు చుట్టలు పక్కపక్కన ఉంటాయి. ట్యూబులైటు, ఫ్యాన్ రెగ్యులేటర్ తెచ్చిపెట్టే గుయ్‌మనే రొదని ఒకదాంట్లోది ఒకటి చెరిపేస్తాయి. ఇదంతా ఆ వరండాలో కూర్చుని విన్నదే. ఆటో తిరగబడ్డాక అమ్మాయిని ఒంటరిగా ఎక్కడికీ పంపలేదు నేను. మాస్టారి ఇంటికైనా సరే.

ఆ రోజు కెజియా ఏది మంచిదని అడగలేదు.

"మాస్టారూ, తప్పు వినబడని పికప్ ఏది?" అంది.

వచ్చే ఆదివారం చర్చిలో కోతపండుగ. పాటలు పాడే క్వయర్లో దాని కుర్చీని వేసవి నుంచీ ఖాళీగానే ఉంచారు. వేలు ఈడ్చే చప్పుడు స్పీకర్లో వినబడేటట్టయితే ఆ కుర్చీలో కూర్చోనని, గిటారు అమ్మేస్తానని ఇంట్లో తేల్చి చెప్పింది. గాజువాక నుంచి ఒకతను వచ్చి గిటారు చూసుకుని వెళ్ళాడు కూడా.

మాస్టారు రెండు చిన్న డబ్బాలు బల్ల మీద పెట్టారు. ఒక దాంట్లో ఇప్పటి రకం. చుట్లు ఎక్కువ, అయస్కాంతం బలమైనది, చుట్లు అదిరి చప్పుడు చేయకుండా లోపలంతా మైనం నింపేసి ఉంటుంది. మెల్లగా మీటినా గట్టిగా మీటినా దాదాపు ఒకేలా పలుకుతుంది. రెండోది పాతకాలం పద్ధతిలో చేసినది. చుట్లు తక్కువ, అయస్కాంతానికి బలం తక్కువ, మైనం ఉండదు. అది చేతిని ఉన్నదున్నట్టు వింటుంది. కట్టె మీద గోటితో కొట్టినా వింటుంది. స్పీకరు శబ్దం మరీ పెంచితే కీచుమంటుంది కూడా.

ఈ సంగతి కెజియా ఫోన్లో ముందే చదువుకుని వచ్చింది. పాత రకమే వేస్తానంటారేమో, వేస్తే ముందు మైనంలో ముంచమని అడుగుదామనుకుందట. సంచీలోంచి ఒక కవర్ తీసింది. నిండా కొవ్వొత్తి ముక్కలు. పోయిన క్రిస్మస్ ముందు రోజు ఆరాధనలో అందరూ వెలిగించాక మిగిలినవి. చర్చి సామాను గదిలోంచి తెచ్చింది.

మాస్టారు ఆ కవర్ వంక చూశారు.

"గిటారు చెవిలో మైనం పొయ్యమంటావు."

కెజియా నవ్వలేదు. ఆయన కవర్ తీసి కిటికీలో పెట్టి సోల్డరింగ్ మొదలుపెట్టారు. ఆ పని మధ్యలో లేచి, వరండా చివర కూర్చున్న నన్ను గుమ్మం దగ్గరికి రమ్మన్నారు. ఇక్కడ గాలి బాగా వస్తుంది చెల్లెమ్మా అని కుర్చీ ఆయనే జరిపారు. కెజియాని మాత్రం గోడ వైపు తిరిగి కూర్చోమన్నారు. నా ఒళ్ళో చిక్కుడుకాయలు ఉన్నాయి. వస్తూ దారిలో రైతుబజారులో కొన్నాను. ఈనెలు తీస్తూ కూర్చున్నాను.

మొదటిది బిగించాక, చిన్నప్పుడు నేర్చుకున్న మొదటి పాట వాయించమన్నారు. వాయించింది. నిండుగా, నున్నగా ఉంది. ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. ఎవరో బాగా వాయిస్తున్నారు అనుకున్నాను. రేపటి కూరలోకి కొబ్బరి ఉందో లేదో గుర్తు చేసుకున్నాను.

కెజియా ఇది చాలు మాస్టారూ అంది. మాస్టారు ఊ కొట్టి మళ్ళీ స్క్రూలు విప్పారు. రెండోది పెట్టారు. మళ్ళీ విప్పాల్సి వస్తుందేమోనని రెండు స్క్రూలే బిగించి, మిగిలిన రెండూ ఒక మూతలో వేశారు.

మళ్ళీ అదే పాట. మొదటి వరుస దాటుతుండగా, తీగ మీద జర్‌మని చిన్న రాపిడి. ఆ వెనకే స్వరం. కాస్త ఆలస్యంగా, కానీ వచ్చింది. మళ్ళీ అక్కడే, మళ్ళీ అలాగే. నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు. చిక్కుడుకాయలన్నీ గుమ్మంలో పడ్డాయి.

కెజియా వాయించడం ఆపి వెనక్కి తిరిగింది. మాస్టారు అప్పటికే నావైపు చూస్తున్నారు.

"ఎందుకు లేచావు చెల్లెమ్మా?"

"ఏమోనండీ. మా అమ్మాయి వచ్చినట్టనిపించింది."

"ఇందాకటి నుంచి ఇక్కడే ఉన్నాను కదమ్మా," అంది కెజియా.

ఉంది. నాకూ తెలుసు. కెజియా నన్ను చూసి, కిందపడ్డ కాయల్ని చూసి, తన చేతిని చూసుకుంది.

"ఆదివారం అందరికీ వినబడుతుంది కదా మాస్టారూ," అంది.

"మీ అమ్మకి వినబడింది. ఏం చేసిందో చూశావుగా," అన్నారాయన.

అది గిటారు పక్కన పెట్టి నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఏరింది. ఎడమచేత్తోనే ఏరింది. ఆ వంగని వేలు మిగతావాటి వెనకే వస్తూ ప్రతి కాయనీ తాకింది. ఏరడం అయ్యాక లేచి, మూతలోంచి మిగిలిన రెండు స్క్రూలూ తీసి, మాస్టారి అరచేతిలో పెట్టింది.

ఆయన వాటిని నిదానంగా బిగించారు. తర్వాత కిటికీలోంచి కొవ్వొత్తుల కవర్ తీసి కెజియాకి అందించారు.

"ఇవి చర్చివి కదా. ఆదివారం వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళు."